ఆపరేషన్ కుదరదన్నారు, మరి ఫ్లాట్ అమ్మేయాలా?

ప్రశ్న: మా నాన్నకి 67, అన్నవాహిక క్యాన్సర్. గుండె వీక్‌గా ఉంది, ఆపరేషన్ తట్టుకోలేరు, రేడియేషన్ కీమో కలిపి ఇస్తాం అన్నారు. తమ్ముడు నాన్న పేరు మీదున్న ఫ్లాట్ అమ్మేద్దాం అంటున్నాడు, నేను నా రిటైర్మెంట్ ఫండ్ తీసేద్దాం అనుకుంటున్నా. నాన్నకి హెల్త్ పాలసీ ఒకటి, పాత లైఫ్ పాలసీ ఒకటి ఉన్నాయి. ఏది ముందు తియ్యమంటారు?

జవాబు: ముందు ఏదీ తియ్యకండి అమ్మా. కనీసం ఈ వారం వద్దు.

ఆపరేషన్ లేదంటే ఇంట్లో రెండు రకాలుగా వింటారు. ఒకరికేమో "ఇక ఏం లేదు" అని వినపడుతుంది, ఇంకొకరికి "హమ్మయ్య, పెద్ద బిల్లు తప్పింది" అని. రెండూ తప్పే. అందుకే డాక్టర్ని ఒక్క మాట సూటిగా అడగండి, ఈ ట్రీట్మెంట్ నయం చేద్దామని ఇస్తున్నారా లేక మింగుడు పడేలా చేసి కొన్నాళ్లు బాగుండేలా చూద్దామని ఇస్తున్నారా అని. జబ్బు వేరే చోటికి పాకలేదు, గుండె ఒక్కటే అడ్డం అయితే నయం చేసే ఉద్దేశంతోనే కీమో రేడియేషన్ ఇస్తారు. 1980ల్లో అమెరికాలో ఒక ట్రయల్ చేశారు, అందులో రెండూ కలిపి తీసుకున్నవాళ్లలో 100కి 26 మంది 5 ఏళ్ల తర్వాత ఉన్నారు, రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో ఎవరూ లేరు. మీ నాన్నగారి సంగతి ఇలాగే ఉంటుందని కాదు, ఆపరేషన్ లేకపోతే ట్రీట్మెంటే లేదని కాదు అని చెప్పడానికి. వేరే చోటికి పాకి ఉంటే మాత్రం లెక్క మొత్తం మారిపోతుంది, నా సలహా కూడా.

ఇప్పుడు డబ్బు సంగతి. ఆపరేషన్ ఖర్చు ఒక్కసారి వచ్చే పెద్ద బిల్లు, ఇది అలా కాదు, నల్లాలోంచి కారే నీళ్లలా నెలల తరబడి కారుతూనే ఉంటుంది. సాధారణంగా రేడియేషన్ 50.4 గ్రే (రేడియేషన్ కొలిచే యూనిట్) డోసుని 28 విడతల్లో ఇస్తారు, వారానికి 5 రోజులు, అంటే దాదాపు ఆరు వారాలు ఎవరో ఒకరు రోజూ ఆయన్ని తీసుకెళ్లి తీసుకురావాలి. ప్రయాణం, పక్కన ఉండేవాళ్ల సెలవు, జీతం కోత, ఇవి ఏ ఎస్టిమేట్లోనూ ఉండవు, మీ నోట్‌బుక్‌లో ఉండాలి. నన్నడిగితే మీ ప్లాన్లో పెద్ద చిల్లు ఆస్పత్రి బిల్లు కాదు, మీరో తమ్ముడో జీతం లేని సెలవు పెట్టడం.

ఇంకోటి ఎవరూ ముందు చెప్పనిది. రేడియేషన్ మొదలయ్యాక రెండు మూడు వారాలకి మింగడం ఇంకా కష్టమవుతుంది, లోపల పొర వాచి మంట పుడుతుంది, తర్వాత మెల్లగా తగ్గుతుంది. బరువు పడిపోతే ట్రీట్మెంట్ మధ్యలో ఆపాల్సి రావచ్చు, అందుకే చాలామందికి ముక్కులోంచో పొట్టలోంచో ఫీడింగ్ ట్యూబ్ పెడతారు. దానికి న్యూట్రిషన్ ఫార్ములా, సిరంజిలు, ట్యూబ్ బ్లాక్ అయితే మార్చడం, ఇవన్నీ నెలనెలా. చాలా హెల్త్ పాలసీలు ఇంట్లో వాడే ఫార్ములాకి డబ్బివ్వవు. మా బాబాయికి ట్యూబ్ పెట్టినప్పుడు మా పిన్ని ప్రతి మాత్రనీ రెండు స్పూన్ల మధ్య పెట్టి పొడి చేసి, నీళ్లలో కలిపి ఎక్కించి, ముందొకసారి వెనకొకసారి నీళ్లతో ట్యూబ్ కడిగేది. కొన్ని మాత్రలు నలపకూడదని మాకు తర్వాత తెలిసింది, ఫార్మసిస్ట్‌ని అడగాలి.

అప్పుడు నేను చేసిన తప్పు కూడా చెప్తా. డబ్బు లెక్కలు వేసిచ్చే ప్లానర్నే అయ్యుండీ, "ఇక పెద్ద ఖర్చేం ఉండదులే" అని బాబాయి డబ్బు ఎక్కువ వడ్డీ కోసం మూడేళ్ల డిపాజిట్లో పెట్టించా. నాలుగు నెలలకి మళ్లీ మింగుడు పడలేదు, స్టెంట్ వేశారు, అది కిందకి జారిపోయింది, మళ్లీ వేశారు. డిపాజిట్ పెనాల్టీ కట్టి బద్దలుకొట్టాం. స్టెంట్ అంటే మూసుకుపోతున్న దారిని తెరిచి ఉంచే లోహపు జాలి గొట్టం, వేసిన ఒకట్రెండు రోజుల్లోనే గుటక దిగుతుంది, కానీ జారచ్చు, మూసుకుపోవచ్చు కూడా. నయం చేసే ఉద్దేశం ఉన్నప్పుడు మామూలుగా ముందే స్టెంట్ వెయ్యరు. రేడియేషన్ తర్వాత దారి బిగుసుకుపోయి ఎండోస్కోపీలో సాగదీయాల్సిన వాళ్లూ ఉంటారు, అదీ ఒకసారితో అయిపోకపోవచ్చు. కాబట్టి కనీసం ఏడాది ఖర్చు అడిగిన రోజే చేతికొచ్చేలా పెట్టుకోండి, వడ్డీ తక్కువైనా సరే.

హెల్త్ పాలసీ కాగితం తీసి ఈ రాత్రే చదవండి. డేకేర్ (రాత్రి ఆస్పత్రిలో ఉండక్కర్లేని ట్రీట్మెంట్) కింద రేడియేషన్, కీమో కవర్ అవుతాయా, మందులకి పరిమితి ఉందా, మీ వంతు ఎంత శాతం, ప్రతి విడతకీ ముందస్తు అనుమతి కావాలా లేక మొత్తం కోర్సుకి ఒకేసారి ఇస్తారా, రేడియేషన్ ఎక్కడ పడాలో ముందే చూసే ప్లానింగ్ స్కాన్ ప్యాకేజీలో ఉందా. ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) లైన్ ప్రత్యేకంగా వెతకండి, ఎందుకంటే జబ్బు పాకినవాళ్లలో కీమోతో కలిపి పెంబ్రోలిజుమాబ్ లాంటివి ఇస్తారు, మూడు వారాలకోసారి అయితే రెండేళ్లలో 35 డోసులు దాకా వెళ్లచ్చు, ఇళ్లు అమ్మించేవి ఎక్కువగా ఇవే. గడ్డలో పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ ఎంతుందో టెస్ట్ చేసి ఉపయోగం ఎంతో అంచనా వేస్తారు, అది చూడకుండా ఒప్పుకోకండి. "మందు పనిచేస్తుందో లేదో ఎన్ని డోసుల తర్వాత స్కాన్‌లో చూస్తారు, పనిచేయకపోతే ఆపేస్తారా?" అని అడగండి, ఆ స్కాన్ దాకా అయ్యే డబ్బే ముందు సర్దుకోండి. మందు కంపెనీల సహాయ స్కీములు, ట్రయల్స్ ఉన్నాయేమో ఆస్పత్రిలో సోషల్ వర్కర్ని అడగండి, సిగ్గుపడాల్సిందేం లేదు. పాలియేటివ్ కేర్ అంటే చివరి రోజుల వార్డు అనుకుని దూరం పెట్టకండి, నొప్పి, తిండి, నిద్ర చూసే టీమ్ అది, మొదటి నుంచీ ఉంటే అర్ధరాత్రి ఎమర్జెన్సీకి పరిగెత్తడాలు కొన్నైనా తప్పుతాయి.

లైఫ్ పాలసీ సరెండర్ చెయ్యొద్దు. చేతికొచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. ప్రీమియం మాఫీ రైడర్ (రైడర్ అంటే పాలసీకి తగిలించే అదనపు కవర్) ఉందేమో, క్రిటికల్ ఇల్‌నెస్ రైడర్ ఉందేమో చూడండి, రెండోది ఉంటే బిల్లులతో సంబంధం లేకుండా ఒకేసారి డబ్బొస్తుంది. జబ్బు తేలినప్పటి నుంచి ఇన్ని రోజుల్లో క్లెయిమ్ వెయ్యాలి అని గడువుంటుంది, అది దాటనివ్వద్దు. ఆటో డెబిట్ ఉన్న ఖాతాలో బ్యాలెన్స్ లేక పాలసీ ల్యాప్స్ అయిన ఇళ్లు చూశా, అది ఇంకా బాధ.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మొదట నాన్నగారి ఖాతాలో ఉన్నది, ఆయన డిపాజిట్లు, ఆ తర్వాత ఇద్దరి ఎమర్జెన్సీ ఫండ్ సమానంగా, అప్పటికీ చాలకపోతే పాలసీ మీదో డిపాజిట్ మీదో లోన్. క్రెడిట్ కార్డు, పర్సనల్ లోన్ వద్దు. మీ రిటైర్మెంట్ ఫండ్ చిట్టచివర, మీకు 60 వచ్చాక మీ పిల్లలు ఇదే ప్రశ్న రాయాల్సి వస్తుంది లేకపోతే. ఫ్లాట్ సంగతా? అవసరంలో ఉన్నామని తెలిస్తే కొనేవాడు ధర కొడతాడు, పైగా అమ్మగారు ఎక్కడుంటారు? అద్దెకివ్వడం, దాని మీద లోన్ తీసుకోవడం రెండూ చూశాకే అమ్మకం మాట. అసలు ఫ్లాట్ నాన్నగారిది, ఆయన్ని అడిగారా? మీ ఉత్తరంలో ఆయన ఏమన్నారో ఒక్క ముక్క లేదు.

ఇంకో పని మాత్రం ఆగదు, సంతకాలు. కీమో వారాల్లో ఆయనకి బ్యాంకుకి వెళ్లే ఓపిక ఉండదు, ఈ జబ్బులో ఒక్కోసారి గొంతు బొంగురుపోతుంది, ఫోన్లో గుర్తింపు అడిగే బ్యాంకుల్లో అదీ తిప్పలే. రేడియేషన్ మొదలయ్యేలోపు ఖాతా అమ్మగారితో జాయింట్ చేయించండి, నామినీలు సరిచూడండి, పవర్ ఆఫ్ అటార్నీ (ఆయన తరఫున మీరు సంతకం పెట్టేలా ఇచ్చే అధికార పత్రం) ఒకటి, వీలునామా ఒకటి. పవర్ ఆఫ్ అటార్నీ మనిషి ఉన్నంతవరకే చెల్లుతుంది, అది ఉందని వీలునామా మానేయకండి. మాట ఎత్తడం కష్టమే, నాకు తెలుసు, "బ్యాంకు పనులు మేం చూసుకుంటాం నాన్నా, మీకు తిరగడం ఉండదు" అంటే సరిపోతుంది.

తమ్ముడితో కూర్చుని ఎవరు డబ్బు, ఎవరు రోజులు అన్నది ఇప్పుడే రాసుకోండి, రోజూ తీసుకెళ్లేవాళ్లు పెట్టేది కూడా డబ్బే. ఎవరైనా గ్యారంటీ మందు అని పొడో పసరో అమ్మజూపితే కొనేముందు డాక్టర్‌కి చూపించండి, కొన్ని కీమోతో పడవు, డబ్బు సంగతి తర్వాత.

డాక్టర్ని కలిసొచ్చాక ఆ జవాబు, రెండు పాలసీల ఫోటోలు, ఇంటి నెల ఖర్చు పంపండి, నెలవారీ లెక్క వేసిస్తా. బ్రోకర్‌కి ఫోన్ చేసేది అప్పుడు చూద్దాం.