"కుందేటి కొమ్ము లేదు" అన్న వాక్యం నిజమెలా అవుతుంది?

లేని వస్తువు గురించి చెప్పిన వాక్యం నిజమెలా అవుతుందని అడిగారు. చిక్కంతా "కుందేటి కొమ్ము"ను ఒకే వస్తువు పేరుగా తీసుకోవడంలో ఉంది.

నైయాయికులు, అంటే భారతీయ న్యాయ దర్శనంలోని తార్కికులు, ముందు దాన్ని విడగొడతారు. కుందేలు ఉంది. కొమ్మూ ఉంది, ఆవుకో మేకకో. లేనిదల్లా ఆ రెండిటి సంబంధం. కాబట్టి "కుందేటి తల మీద కొమ్ము లేదు" అని తిరగరాయాలి. అప్పుడది "నేల మీద కుండ లేదు" లాంటిదే: తల అధికరణం (లేకపోవడం ఉన్న చోటు), కొమ్ము ప్రతియోగి (లేదంటున్న వస్తువు). ఇంత పట్టుదల ఎందుకంటే, వాళ్ల లెక్కలో ఏ అభావానికైనా, అంటే ఏ లేకపోవడానికైనా, ప్రతియోగి ఎక్కడో ఒకచోట నిజంగా ఉన్నదై ఉండాలి.

1905లో ఇంగ్లీషు తత్వవేత్త రసెల్ వేరే దారిన ఇదే పని చేశాడు. "ఫ్రాన్స్ ప్రస్తుత రాజు బట్టతలవాడు" అంటే మూడు మాటలు: రాజు ఒకడైనా ఉన్నాడు, ఒకడికి మించి లేడు, అతనికి బట్టతల. ఫ్రాన్స్‌కు ఇప్పుడు రాజు లేడు; మొదటిదే తప్పు గనక మొత్తం అబద్ధం. విద్యార్థులు జారిపడేది దీన్ని కాదనేటప్పుడు. "రాజున్నాడు, అతనికి బట్టతల లేదు" అబద్ధం. "బట్టతల రాజున్నాడన్నది నిజం కాదు" నిజం. రాజే లేనప్పుడు నిజమా అబద్ధమా అన్న ప్రశ్నే పుట్టదని 1950లో మరో ఇంగ్లీషు తత్వవేత్త స్ట్రాసన్ అన్నాడు. మామూలు మాటల్లో అదే సబబుగా తోస్తుంది గానీ, యథాతథంగా తగిలిస్తే ఏ "లేదు" వాక్యమూ నిజం కాకుండా పోతుంది.

అసలు ఇబ్బంది విడగొట్టడానికి వీల్లేని పేర్లతోనే. బుధుడి కక్ష్యలో తేడా చూసిన ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు లెవెరియే, సూర్యుడికి ఇంకా దగ్గరగా ఏదో ఉండాలని 1859లో ప్రకటించాడు. అలా ఊహించిన గ్రహానికి వల్కన్ అని పేరు పడింది. శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) ఆ తేడా 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతంతో గ్రహం అక్కర్లేకుండానే తేలిపోయింది. మరి "వల్కన్ లేదు" అన్నప్పుడు ప్రతియోగి ఏది? రసెల్ పద్ధతిలో ఆ పేరు బదులు "బుధుడి కన్నా సూర్యుడికి దగ్గరగా ఉండి బుధుడి కక్ష్యను కదిలించే గ్రహం" అన్న వర్ణన పెట్టాలి. కానీ వల్కన్ అంటే "ఏదో గ్రహం" అని మాత్రమే తెలిసినవాడి సంగతి? అతనికి తెలిసిన ఆ వర్ణనే పెడితే అతని వాక్యం "గ్రహమే లేదు" అని అబద్ధమైపోతుంది. అయినా అతను అన్నది నిజమే. పేరు వర్ణనకు మారుపేరు కాదని 1970 ఉపన్యాసాల్లో అమెరికన్ తత్వవేత్త క్రిప్కీ పట్టుబట్టింది ఇలాంటి వాటిని చూపే.

1974లో మరో అమెరికన్ తత్వవేత్త డానెలన్ ఇచ్చిన పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది. పేరు వాడకాన్ని వెనక్కి పట్టుకుపోండి: పాఠ్యపుస్తకం, దానికి ముందు ఖగోళ శాస్త్రజ్ఞులు, చివరికి 1859 నాటి లెక్క. ఏ వస్తువూ తగలకుండా దారి అక్కడ మూసుకుపోతే "లేదు" నిజం. అయితే ఇది వాక్యం ఎప్పుడు నిజమో చెబుతుందే గానీ, దాని అర్థమేమిటో చెప్పదు. డానెలన్ కూడా అంతకు మించి చెప్పుకోలేదు.