రెండు నెలల కుక్కపిల్లకు ఇప్పుడే నేర్పాలా, ఆరు నెలలదాకా ఆగాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. యాభై ఐదు రోజుల పిల్లను తెచ్చి వారమైంది. విశాఖ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు ఫ్లాటు. ఇల్లంతా పాస్ పోస్తోంది, పిల్లల కాళ్లూ చేతులూ కొరుకుతోంది, రాత్రుళ్లు ఏడుస్తోంది. "ఇంకా పసిది, ఆరు నెలలు నిండాక ట్రైనర్‌ను పెట్టుకోండి, టీకాలన్నీ అయ్యేదాకా గడప దాటించకండి" అని పక్కవాళ్లు చెబుతున్నారు. అప్పటిదాకా ఆగాలా అని అడిగారు.

ఆగొద్దండీ. నేను ఒకసారి ఆగాను. ఆగితే ఏమవుతుందో పదకొండేళ్లు మా ఇంట్లోనే చూశాను.

మా మొదటి కుక్క టైగర్. మురళీనగర్‌లో అద్దెకున్నప్పుడు తెచ్చాం, సరిగ్గా మీ పిల్లంత వయసులో. మాకూ ఇవే సలహాలు ఇచ్చారు. పార్వో అంటే, కుక్కపిల్లల ప్రాణం తీసే ఆ వైరస్ జబ్బంటే, నాకు చాలా భయం, అందుకని నాలుగున్నర నెలలదాకా దాన్ని గుమ్మం దాటనివ్వలేదు. ఇంట్లో మేం ఐదుగురం, కుక్కర్ విజిల్, టీవీ, అత్తయ్యగారి పూజ గంట. దానికి తెలిసిన లోకం అంతే. టీకాలు పూర్తయ్యాక బెల్టు వేసి మొదటిసారి కిందికి దించిన రోజు గేటు దగ్గర గ్యాస్ సిలిండర్లు దించుతున్నారు. ఆ ఇనుప చప్పుడుకి టైగర్ పొట్ట నేలకు ఆనించేసింది. వెనక్కి వెనక్కి జరిగి, బెల్టులోంచి తల లాగేసుకుని మెట్ల కింద దూరింది. నేను వంగి చెయ్యి చాపితే నామీదే గుర్రుమంది. అంతవరకు నన్ను చూసి ఎప్పుడూ అలా చెయ్యలేదు. ఆ తర్వాత హెల్మెట్ అంటే భయం, గొడుగు తెరిస్తే భయం, దీపావళి వస్తే మూడు రోజులు ముద్ద ముట్టేది కాదు. మమ్మల్ని ప్రాణంగా చూసుకుంది, కానీ చివరిదాకా బయటి లోకాన్ని చూసి బెదిరిపోతూనే ఉంది.

ఎందుకలా అయిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. మూడో వారం నుంచి సుమారు పన్నెండు, పద్నాలుగు వారాలదాకా కుక్కపిల్ల ఏ కొత్త మనిషిని చూసినా, ఏ కొత్త చప్పుడు విన్నా "ఇదీ మామూలే" అని తేలిగ్గా తీసుకుంటుంది. ఆ వయసు దాటాక కొత్తది ఎదురైతే ముందు అనుమానమే. అప్పుడూ నేర్పవచ్చు, కానీ చాలా ఓపిక పడుతుంది. మీ పిల్లకు తొమ్మిదో వారం నడుస్తోంది. అంటే మీ చేతిలో ఉన్నది నాలుగైదు వారాలే.

మరి పార్వో సంగతి? ఆ భయం ఉత్తది కాదు. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, వీధి కుక్కలు తిరిగే సందుల్లో ఇంత చిన్న పిల్లను నేలమీద వదలడం నిజంగానే ప్రమాదం. అయితే నేలమీద దించకూడదంటే బయట చూపించకూడదని కాదు. అమెరికాలో జంతువుల ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం 2008లోనే ఈ విషయం స్పష్టంగా చెప్పింది: మొదటి టీకా, నులిపురుగుల మందు పడి కనీసం ఏడు రోజులు దాటితే, ఏడెనిమిది వారాల పిల్లకు కొత్త మనుషుల్ని, కొత్త చోట్లను పరిచయం చెయ్యడం మొదలుపెట్టవచ్చు, మిగతా టీకాలు పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. ఆ టీకాలు మాత్రం ఒక్కటి కూడా తప్పకుండా, సుమారు పదహారో వారందాకా మీ డాక్టరుగారు రాసిన తేదీల ప్రకారం పడాలి.

మా రెండో కుక్క చిట్టి. దీన్ని నాలుగేళ్ల కిందట నవంబరులో తెచ్చాం, వీధి కుక్క పిల్ల. మొదటి టీకా పడిన పదో రోజు నుంచి రోజూ గుడ్డ సంచిలో వేసుకుని, తల బయటకు పెట్టి, తీసుకెళ్లేదాన్ని. పొద్దున్నే ఆర్కే బీచ్ గట్టు మీద కూర్చుని ఒళ్లో పెట్టుకుంటే వాకింగ్ చేసేవాళ్లు, సైకిళ్లు, అలల హోరు, బెలూన్లమ్మేవాడు, అన్నీ కళ్లముందు నుంచే వెళ్లేవి. ఎవరి చేతికీ ఇచ్చేదాన్ని కాదు. ఊరికే చూడనివ్వడమే. అది కొత్తదేదైనా చూడగానే ఉడికించిన చికెన్, బఠాణీ గింజంత ముక్క, నోట్లో పెట్టేదాన్ని. ముందు చూడాలి, తర్వాత ముక్క. ఈ వరస తిరగబడితే అది ముక్కనే చూస్తుంది, హెల్మెట్‌ను చూడదు.

ఎంత దగ్గరికి తీసుకెళ్లాలో ఎలా తెలుస్తుందంటే, ఆ ముక్కే చెబుతుంది. తింటే ఫరవాలేదు. ఇష్టమైన చికెన్ కూడా మూతి తిప్పేసుకుంటే భయం మొదలైనట్టు. అప్పుడు ధైర్యం చెబుతూ అక్కడే నిలబడకండి, పది అడుగులు వెనక్కి రండి. గ్యాస్ బండి వచ్చిన రోజు చిట్టిని ఎత్తుకుని మొదట మెట్ల మలుపులో నిలబడ్డాను. చెవులు రెండూ వెనక్కి అంటుకున్నాయి, ముక్క వాసన చూసి వదిలేసింది. ఇంకో అర అంతస్తు పైకెక్కాను. మళ్లీ సిలిండర్ మోగింది, ఒక క్షణం బిగుసుకుంది, తర్వాత నా వేళ్లు నాకింది. తర్వాతి నెల గేటు పక్కనే నిలబడి తినేసింది. డిసెంబరులో నేవీ డే రిహార్సల్స్‌కు విమానాలు నెత్తిమీదుగా వెళ్తుంటే కూడా కిటికీలు మూసి ఇదే పని చేశాం. ఇప్పుడు దానికి నాలుగేళ్లు, దీపావళి రాత్రి మంచం కింద గుర్రు పెట్టి నిద్రపోతుంది.

ఇక పాస్ గురించి. ఇది నేర్పడంకన్నా కనిపెట్టుకుని ఉండటమే ఎక్కువ. ఈ వయసులో రెండు గంటలకు మించి ఆపుకోలేదు, మెలకువగా ఉంటే గంటకోసారి వస్తుంది. నిద్ర లేచిన వెంటనే, తిన్న పది ఇరవై నిమిషాలకు, ఆట మధ్యలో తప్పకుండా వస్తుంది. ఆడుతున్నది ఉన్నట్టుండి ఆట మానేసి, ముక్కు నేలకు పెట్టి, ఒకేచోట గుండ్రంగా తిరుగుతుంది చూడండి, అప్పటికి మీకు ఐదు సెకన్లు ఉన్నట్టు. అరవకుండా ఎత్తుకుని బాల్కనీకి పరుగెత్తాలి. మీది మూడో అంతస్తు కాబట్టి ప్రస్తుతానికి బాల్కనీలో ఒక మూల ట్రే పెట్టండి. మేం గోనెసంచి మడతపెట్టి పైన కాస్త ఇసుక పోశాం, ఎందుకంటే రేపు కింద అలవాటు చెయ్యాల్సింది మట్టి మీద, టైల్స్ మీద కాదు. పోసేదాకా మాట్లాడకుండా నిలబడి, పూర్తవగానే అక్కడికక్కడే ముక్క ఇచ్చి మెచ్చుకోవాలి. లోపలికొచ్చాక ఇస్తే లోపలికి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది.

లోపల పోసేస్తే? తుడిచేయండి, అంతే. పాతవాళ్లు చెప్పినట్టు ముక్కు తీసుకెళ్లి అందులో రాయడం, పేపరు చుట్టి కొట్టడం వద్దు. టైగర్ విషయంలో అత్తయ్యగారు నేలమీద పేపరుతో టపటపా కొట్టేవారు. అది నేర్చుకున్నది ఏమిటంటే మనుషుల ఎదుట పోయకూడదని. దివాన్ కాట్ కిందికి వెళ్లి పోసేది, ట్రే దగ్గర మేం నిలబడితే పోసేదే కాదు. ఇంకో సంగతి, ఫినాయిల్‌తో తుడిస్తే వాసన మన ముక్కుకే పోతుంది, దాని ముక్కుకి కాదు. పైగా తడి నేలమీద నడిచి కాళ్లు నాకుతుంది, అది మంచిది కాదు. పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ వాడితే అసలు వాసన పోతుంది, మళ్లీ అక్కడికే వెళ్లదు.

కొరకడం మామూలే. సూదుల్లాంటి ఇరవై ఎనిమిది పాలపళ్లతో లోకాన్ని నోటితో పట్టి చూస్తోంది. నాలుగో నెల నుంచి అవి ఊడటం మొదలవుతుంది, ఆరేడు నెలలకు కొత్త పళ్లు పూర్తిగా వస్తాయి. మీ పిల్లలకు ఒక్కటి నేర్పండి, అది కరిస్తే కేకలేసి పరుగెత్తకూడదు, పరుగెత్తితే అది ఆట. చెట్టులా కదలకుండా నిలబడి చేతులు కట్టుకోవాలి. దానికి మాత్రం కొరుక్కోవడానికి ఏదో ఒకటి ఉండాలి. మేం పాత తువ్వాలు ముడివేసి, తడిపి, ఫ్రీజర్లో పెట్టి ఇచ్చేవాళ్లం. సాయంత్రం పూట పిచ్చి పట్టినట్టు కరుస్తుంటే దానికి కావాల్సింది ఆట కాదు, నిద్ర. ఈ వయసులో రోజుకు పద్దెనిమిది గంటలైనా పడుకోవాలి, పిల్లలున్న ఇంట్లో పడుకోనివ్వరు.

ఇది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పంటి గాటు చర్మం తెగేలా పడితే, మన ఇంటి పిల్లే కదా అనుకోకుండా, గాయాన్ని కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదేరోజు మనుషుల డాక్టరుకు చూపించండి. కుక్కపిల్లకు రేబిస్ టీకా వేసేది మూడో నెల దాటాకే, అప్పటిదాకా దానికి ఆ రక్షణ ఉండదు.

రమ్మనడానికి మీ ఇంట్లో ఎవరేం అంటున్నారో ఇవాళ ఒకసారి వినండి. మా ఇంట్లో అత్తయ్యగారు "దా దా", మా ఆయన "కమ్", పిల్లలు "చిట్టీ ఇలా రా". పాపం ఒక్క పనికి మూడు మాటలు. ఫ్రిజ్ మీద కాగితం అంటించాం: "రా", "కూర్చో", "వదులు", ఈ మూడే, అందరూ ఇవే. రోజుకు నాలుగైదుసార్లు, ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు చాలు. "రా" అని పిలిచి స్నానం చేయించడం, తిట్టడం మాత్రం వద్దు. ఆ పని ఉంటే మీరే వెళ్లి ఎత్తుకోండి. ముక్కలకు చికెన్, ఉడికిన గుడ్డు వాడండి. పాయసంలోని కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లిపాయ వేసిన కూర పెట్టకండి, అవి కుక్కలకు విషం. ఇంటికొచ్చే పెద్దవాళ్లకు కూడా ముందే చెప్పండి.

రాత్రి ఏడుపు అంటారా, వారం క్రితందాకా తల్లి పొట్టకు ఆనుకుని, తోడబుట్టినవాటి మధ్య పడుకున్నది. హాల్లో ఒంటరిగా వదిలితే ఏడవక ఏం చేస్తుంది? మీ మంచం పక్కనే అట్టపెట్టెలో పాత చీర పరిచి పడుకోబెట్టండి, ఏడిస్తే చెయ్యి కిందికి వేలాడేయండి. ఒంటరిగా ఉండటం పగలు నేర్పండి. గదిలో వదిలి తలుపు దగ్గరికి వేసి, అది ఏడవకముందే, ఒక్క నిమిషంలో తిరిగి వచ్చేయండి. తర్వాత రెండు నిమిషాలు, ఐదు.

ట్రైనర్‌ను పెట్టుకోవడం తప్పు కాదు, ఆరు నెలలదాకా ఎదురుచూడటమే వద్దంటున్నాను. వచ్చినవారి చేతిలో మెడ బిగించే చైను కనిపిస్తే పంపించేయండి.

ముందు టీకా కార్డు తీసి తేదీ చూడండి. మొదటి టీకా పడి వారం దాటి, డాక్టరుగారు సరేనంటే, రేపు ఎండ ముదరకముందే సంచిలో వేసుకుని లాసన్స్ బే బీచ్ వైపు వెళ్లి పావుగంట కూర్చోండి. చికెన్ ముక్కలు ఈ రాత్రే ఉడికించి పెట్టుకోండి.