ఆమె ప్రేమకు సాకులు వెతకొద్దు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథ అందింది. నిదానంగా చదివాను. కాకినాడలో 61 ఏళ్ల వితంతువు, ఎదురు వాటాలో భార్య పోయిన హెడ్మాస్టారు, ఇద్దరి మధ్యా మెల్లగా పుట్టిన ఇష్టం, చివరికి అన్నవరం కొండ మీద పెళ్లి. నీ వయసు పిల్ల ఈ విషయం ఎత్తుకోవడమే నాకు ఎంతో సంతోషంగా ఉంది. మన కథల్లో అరవై దాటిన ఆడది వంటింట్లోనో, వృద్ధాశ్రమంలోనో, కొడుకు ఫోన్ కోసం ఎదురుచూస్తూనో కనిపిస్తుంది. నువ్వు ఆమెను ఒక మగమనిషి వచ్చే వేళకు తల దువ్వుకునేలా చేశావు. ఆ ఒక్క వాక్యం కోసమే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

మొదటి భర్తను తాగుబోతును ఎందుకు చేశావు?

ఎందుకు చేశావో నేను ఊహించగలను. అతను కొట్టేవాడు, తిట్టేవాడు అని ముందే చెప్పేస్తే, ఆమె రెండో మనిషిని ఇష్టపడినా చదివేవాళ్లు తప్పుపట్టరు అనుకున్నావు. అది చాలదేమోనని కొడుకును అమెరికా పంపి, నెలకోసారి కూడా ఫోన్ చేయనివాణ్ణి చేశావు. అదీ చాలదేమోనని ఆమెను బాత్రూంలో జారిపడేలా చేసి, మాస్టారి చేత ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లించావు. మూడూ సాకులే. ఆమె ప్రేమించడానికి నువ్వు లోకం దగ్గర అనుమతి అడుగుతున్నావు.

ఒక్కొక్కటీ తీసేసి చూడు. భర్త మంచివాడు. ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేశారు, ఒకరి అలవాట్లు ఒకరికి పట్టుబడ్డాయి. కొడుకు రోజూ వీడియో కాల్ చేస్తాడు. ఆమెకు ఒంట్లో బాగానే ఉంది, తన బీపీ మాత్రలు తనే తెచ్చుకుంటుంది. అయినా సాయంత్రం అయ్యేసరికి మాస్టారి గేటు చప్పుడు కోసం చెవి ఒగ్గుతుంది. ఎందుకు? ఇక నీకు మాస్టారు తప్ప వేరే జవాబు మిగలదు. ఆయన నవ్వు, ఆయన పేపరు చదివే తీరు, ఆయన ఆమెను అడిగే ప్రశ్నలు రాయక తప్పదు. ఇప్పటి కథలో మాస్టారు ఆటో పిలవగలిగిన మంచిమనిషి మాత్రమే. ఆ పని పక్కింటివాళ్లు ఎవరైనా చేస్తారు.

మొదటి భర్తకు పేరు కూడా పెట్టలేదు నువ్వు. పేరు పెట్టు. అతనికి ఇష్టమైన కూర ఏమిటో తెలుసుకో.

నేనూ మా ఆయన్ని పోగొట్టుకున్నదాన్నే. ఇలా రెండోసారి ఒక మనిషికి దగ్గరైనవాళ్లు నా ఎరుకలో ఉన్నారు. వాళ్ల దగ్గర నేను గమనించింది నీకు పనికొస్తుంది. పోయిన మనిషి గురించి వాళ్లు ఎక్కువగా మాట్లాడింది ఈ రెండో మనిషితోనే. పిల్లల దగ్గర ఎత్తితే వాళ్ల కళ్లు చెమరుస్తాయి, లేదా మాట మార్చేస్తారు. చుట్టాలు కాలం గడిచాక వినడం మానేస్తారు. అదే బాధ పడినవాడు మాత్రం కూర్చుని వింటాడు, తన భార్య సంగతి తనూ చెబుతాడు. ఆస్పత్రి చివరి రోజులు, పదో రోజు ఎవరు ఏం అన్నారు, ఆ తర్వాత ఇంట్లో మొదటిసారి ఒంటరిగా తిన్న అన్నం, అన్నీ. ఆ మాటల్లోంచే ఇష్టం పుడుతుంది చాలాసార్లు. నీ కథలో ఇద్దరూ పూలమొక్కల గురించీ, పాత సినిమాల గురించీ మాట్లాడుకుంటారు. పోయినవాళ్ల గురించి ఒక్క ముక్కా లేదు.

ఈ సాకుల అలవాటు నీతో మొదలైంది కాదులే. దాని వెనక మన చరిత్ర ఉంది. 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం జరిపించారు. పెళ్లికూతురు గౌరమ్మ, బాల వితంతువు. పెళ్లికొడుకు గోగులపాటి శ్రీరాములు. ఆ పనికి డబ్బుతో అండగా నిలిచినవారు మీ కాకినాడ పైడా రామకృష్ణయ్య గారు. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రావడం మానేస్తే వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్లు తెచ్చుకున్నారు. ఆ దంపతుల తెగువకు నేను చేతులెత్తి మొక్కుతాను. అయితే ఆనాటి వాదనలో బలమంతా పసితనం మీద ఉంది. ఇంకా లోకమే చూడని పిల్ల, బతుకంతా ముందుంది, దాన్ని మూల కూర్చోబెడతారా అని అడిగారు. ఆ రోజుకు అడగాల్సిన ప్రశ్న అదే. కానీ నీ కథానాయిక లోకం చూసింది. కాపురం చేసింది, పిల్లల్ని పెంచింది, మనవల్ని ఎత్తుకుంది. ఆమె మీద జాలిపడడానికి ఎవరికీ కారణం కనపడదు. అందుకే ఊరు ఆమెను అడిగేది వేరే ప్రశ్న: "ఇంకా ఏం కావాలి నీకు?" నువ్వు జవాబు వెతకాల్సింది దీనికే.

మాస్టారి విషయంలో ఊరు అంత గట్టిగా అడగదు. వండిపెట్టే మనిషి ఉండాలి కదా, రాత్రిపూట ఏదైనా అయితే చూసేవాళ్లుండాలి కదా అని తనే సర్దిచెప్పుకుంటుంది. ఆ వెసులుబాటు కూడా తీసెయ్యి. మాస్టారికి వంట బాగా వచ్చు అనుకో. అప్పుడు ఆయనా ఆమెను ఆమె కోసమే కోరుకోవాల్సి వస్తుంది.

ఆమెది ఏ ఇల్లో కూడా తేల్చుకో. వితంతువు మళ్లీ పెళ్లి అనగానే సంస్కర్తలే గుర్తొస్తారు గానీ, చాలా కులాల్లో మారుమనువు తరతరాలుగా ఉన్న ఆచారమే. పెద్ద పెళ్లిలా హడావిడి లేకుండా పెద్దమనుషుల ముందు చీర పెట్టి తీసుకెళ్లేవారు. ఆమె అమ్మమ్మది అలాంటి మనువే అయితే ఆ ఇంటి ముసలివాళ్లు ఒకరకంగా మాట్లాడతారు. తద్దినాలు, మడి ఉన్న ఇంటి కోడలైతే ఆమె భయమే వేరు.

ఇక డబ్బు. నీ కథలో దాని ఊసే లేదు, అది పెద్ద లోటు. ఆమె భర్త రెవెన్యూలో చేశాడని రాశావు. అంటే ఆమె బతుకుతున్నది ఫ్యామిలీ పెన్షన్ మీద. మన రెండు రాష్ట్రాల్లోనూ 1980 నాటి పెన్షన్ నిబంధనల ప్రకారం అది ఆమె చనిపోయేదాకా, లేదా మళ్లీ పెళ్లి చేసుకునేదాకా మాత్రమే వస్తుంది. మాస్టారిది తన సొంత సర్వీసు పెన్షన్, ఆయన పెళ్లి చేసుకున్నా ఆగదు. కాబట్టి పెళ్లి అనగానే ఆయన పోగొట్టుకునేది ఏమీ లేదు, ఆమె మాత్రం నెలనెలా తన ఖాతాలో పడే డబ్బు వదులుకుని, ఇంట్లో ఖర్చుకు ఇంకొకరి చెయ్యి చూడాలి. భర్త పోయాక మొదటిసారి తన పేరు మీద డబ్బు పడిన ఆడదానికి ఇది చిన్న విషయం కాదు. ఆమె మూడు రోజులు నిద్రపోకపోతే నేను నమ్ముతాను. కొందరు ఈ కారణంగానే పెళ్లి మాట ఎత్తకుండా సహజీవనం చేస్తున్నారు. హైదరాబాద్‌లో 2010లో ఎన్.ఎం. రాజేశ్వరి గారు వయసు మళ్లినవాళ్ల కోసం మొదలుపెట్టిన 'తోడు-నీడ' సంస్థ పెళ్లితో పాటు ఆ దారినీ ఒప్పుకుంటుంది. నీ వాళ్లు అన్నవరం వెళ్లాలా, ఎదురెదురు వాటాల్లోనే ఉండి తలుపు తీసి పెట్టుకోవాలా అన్నది ఒక నిజమైన చర్చ. దాన్ని వాళ్ల నోటనే నడిపించు.

ఆస్తి సంగతీ అంతే. 1856 నాటి వితంతు వివాహ చట్టం పెళ్లికి దారి తెరిచింది గానీ, మళ్లీ పెళ్లాడిన స్త్రీకి మొదటి భర్త ఆస్తి మీద హక్కు, ఆమె అప్పుడే చనిపోయినట్టు లెక్కగట్టి, తీసేసింది. ప్రేమిస్తే ఆస్తి వరకు చచ్చిపోయినట్టే! 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక భర్త నుంచి ఆమెకు దక్కిన వాటా పూర్తిగా ఆమెదే, పెళ్లితో పోదు. అయితే అదే చట్టం ప్రకారం వీలునామా లేకుండా మాస్టారు పోతే, ఆయన పిల్లలతో పాటు కొత్త భార్యకూ సమాన వాటా వస్తుంది. ఆమె పోతే, ఆమె పిల్లలతో పాటు కొత్త భర్తకూ వస్తుంది. కాబట్టి రెండువైపుల పిల్లల టెన్షన్‌కూ కారణం ఉంది, వాళ్లను దురాశపరుల్ని చేయక్కర్లేదు. ఇద్దరూ దస్తావేజులు రాసే ఆయన దగ్గర కూర్చుని, ఎవరి ఆస్తి వాళ్ల పిల్లలకే రాసి, ఒకరు పోతే రెండోవాళ్లు ఆ ఇంట్లో బతికున్నంతకాలం ఉండేలా ఒక్క వాక్యం చేర్పించే సీను రాయి. ఆ వాక్యం ఎవరు అడిగారన్నది నువ్వే నిర్ణయించు. నీ కథలో ఉన్న బీచ్ సీను కంటే అందులో ప్రేమ ఎక్కువ కనిపిస్తుందని నా నమ్మకం.

గుడిలో కాకుండా 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్టర్ చేసుకుంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అది ఆఫీసు బోర్డు మీద అంటిస్తారు. దరఖాస్తుతో పాటు పోయిన భార్య, పోయిన భర్త మరణ ధృవీకరణ పత్రాలు పెట్టాలి. బీరువాలో ఎక్కడో అడుగున దాచిన ఆ కాగితాన్ని ఆమె ఈ పని కోసం బయటకు తీయాలి, జిరాక్స్ తీయించాలి. నువ్వు ఒకసారి ఆ ఆఫీసుకు వెళ్లి బెంచీ మీద కూర్చుని చూసి రా.

అన్నవరమే ఉంచుతానంటే ఉంచు, కానీ దాన్ని రెండు వాక్యాల్లో దాటేయకు. అక్కడ పెళ్లయ్యాక వాళ్లు సత్యనారాయణ వ్రతానికి దంపతులుగా పీటల మీద కూర్చోవాలి. ఇన్నేళ్లూ పేరంటాలకు పిలుపు లేక, శుభకార్యంలో వెనక వరసలో నిలబడిన మనిషి ఆమె. ఆమెకు ఎవరు బొట్టు పెట్టారు? పెట్టబోయి ఎవరి చెయ్యి ఆగింది? ఆ అరగంట నువ్వు ఎంత రాసినా నాకు విసుగు రాదు.

పెళ్లి తర్వాత కూడా కథ ఉంది. మొదటి భర్తను "ఏమండీ" అని పిలిచింది. ఈయన్నీ అలాగే పిలవగలదా? నా మటుకు ఆమె చివరిదాకా "మాస్టారూ" అనే అంటుంది. ఆయన "మీరు" అనడం మానడు. మనవడు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా తాతయ్య అనేస్తాడు. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టే రోజున ఆ ఇంట్లో చీర ఎవరి కోసం, పంచె ఎవరి కోసం? బజారుకు వెళ్లి ఆయన మొదటి భార్యకు చీర ఎంచేది ఈమే కావచ్చు. ఆవిడకు నచ్చే రంగేదో ఆయన్ని అడుగుతుంది.

ఒంటి గురించీ సిగ్గుపడకు. నువ్వు నీ కథలో వాళ్లది కేవలం స్నేహమని నాలుగు చోట్ల రాశావు. ఎవరికి భయపడి? మోకాళ్ల నొప్పులు, కత్తిరించుకున్న జుట్టు, షుగర్ వల్ల చిక్కిన ఒళ్లు, వీటితోనే ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవాలనిపిస్తుంది. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని చెయ్యి అది. పసిపిల్లల్ని ఎత్తుకోవడానికీ, డాక్టరు నాడి చూడడానికీ తప్ప ఆ ఒంటికి స్పర్శే లేకుండా పోతుంది. ఆ కోరికను మర్యాదగా, దాచకుండా రాయి. మర్యాద అంటే దాచడం అని మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు, రచయితవు నువ్వు అది వదిలించుకోవాలి.

చివరి పేజీలో కొడుకు విమానం దిగివచ్చి తల్లిని క్షమించే సీను తీసెయ్యి. ఆమె చేసింది క్షమించాల్సిన పని కాదు. కొడుకు ఇబ్బందిపడనీ. తండ్రి కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే అతనికి గుండెల్లో కలుక్కుమంటుంది, అది అతని దుఃఖం, దానికీ చోటివ్వు. అతను మాస్టారితో క్రికెట్ గురించో, నీళ్ల మోటారు గురించో మాట్లాడి వెళ్లిపోయినా చాలు. ఒప్పుకున్నాడా లేదా అన్నది తేలకపోయినా ఆమె మర్నాడు పొద్దున్న లేచి రెండు కప్పుల కాఫీ పెడుతుంది.

తిరగరాసి సంక్రాంతి లోపు పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా పెట్టి ప్రింట్ తీయించు, ఫోన్‌లో చదవలేకపోతున్నాను. బీచ్ సీను తీసేయడానికి మనసొప్పకపోతే, ఎందుకో మార్జిన్‌లో రాయి. వింటాను.

ఇట్లు
నీ మేలు కోరే పెద్దమ్మ