బీఈ 6 కొనొచ్చా? ప్యాక్ త్రీయా, ప్యాక్ వన్నా?

ప్రశ్న: మాది తిరుపతి, సొంతిల్లు. నా వయసు 43. నా జీతం, నా భార్య జీతం కలిపి నెలకు 1,30,000 చేతికొస్తాయి. ఇంటి లోన్ ఈఎంఐ 32,000, మ్యూచువల్ ఫండ్ సిప్ 20,000. ఐదు లక్షల చీటీకి నెలకు 10,000 కడుతున్నాను, ఇంకా 14 నెలలుంది. ఎఫ్‌డీలు 9 లక్షలు. పాప టెన్త్ చదువుతోంది. పాత పెట్రోల్ కారు అమ్మితే రెండున్నర లక్షలు రావచ్చు. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాను. మహీంద్రా ఎలక్ట్రిక్ కారు బీఈ 6 మీద మనసు పడింది. సాయంత్రం టీ దగ్గర ఫ్రెండ్స్ అందరం దాని గురించే మాట్లాడుకుంటాం. కొంటే అన్ని హంగులున్న ప్యాక్ త్రీయే కొనాలి, తక్కువ ధర ప్యాక్ వన్ అంటే సగం కారే అంటున్నారు వాళ్లు. షోరూమ్‌లో ఏడేళ్ల లోన్ ఇస్తామన్నారు. తీసుకోవచ్చా సార్?

జవాబు: మీ ఫ్రెండ్స్ ఉత్సాహం నాకు అర్థమైంది. నేనూ వెళ్లి ఆ కారులో కూర్చున్నాను. ముందు ఆ సి ఆకారపు లైట్లు, కూపేలా వెనక్కి వాలిన పైకప్పు, డ్రైవర్ చుట్టూ విమానం కాక్‌పిట్‌లా కట్టిన డ్యాష్‌బోర్డు చూస్తే మన దేశంలో తయారైన కారేనా అనిపిస్తుంది. నచ్చడంలో తప్పేమీ లేదు. కానీ టీ దగ్గర మాట్లాడుకునే కారు వేరు, మీరు నెలనెలా కిస్తీ కట్టే కారు వేరు.

మొదట ప్రకటించిన ఎక్స్‌షోరూమ్ ధరలు చూడండి. 59 కిలోవాట్ అవర్ల బ్యాటరీతో ప్యాక్ వన్ 18.90 లక్షలు, 79 బ్యాటరీతో ప్యాక్ త్రీ 26.90 లక్షలు. తేడా 8 లక్షలు. ఆ 8 లక్షలకు ఏమొస్తుంది? పెద్ద బ్యాటరీ, గ్లాస్ రూఫ్, 16 స్పీకర్లు, దారి వివరాలు ఎదురుగా అద్దం మీదే కనిపించే హెడ్ అప్ డిస్‌ప్లే లాంటివి. మీ వాళ్లు ఎక్కువగా చెప్పుకునే ఆ రెండు 12.3 అంగుళాల తెరలు ప్యాక్ వన్‌లోనే ఉన్నాయి. ఆ రూపం కూడా అంతే. భారత్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఈ మోడల్‌కు 5 స్టార్లు వచ్చాయి. సగం కారు అనడం సరికాదు.

ఇక గ్లాస్ రూఫ్. మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు తిరుపతిలో కారు ఎక్కే మనిషికి తలమీద అద్దం ఎంత అవసరమో మీరే ఆలోచించండి.

పెద్ద బ్యాటరీ సంగతి మాత్రం నిజంగా ఆలోచించాల్సిందే. మీ తిరుగుడు నెలకు వెయ్యి, అంటే రోజుకు 33 కిలోమీటర్లు. చిన్న బ్యాటరీకి ఒక్క చార్జితో వెళ్లే దూరం, అంటే కంపెనీ చెప్పే రేంజ్ 550 కిలోమీటర్ల పైమాటే గానీ అది పరీక్షలో వచ్చిన లెక్క. ఏసీ, హైవే వేగం కలుపుకుని నేను 370 మాత్రమే వేసుకుంటాను. చిత్తూరు వెళ్లి రావడానికి 140 సరిపోతుంది. బెంగళూరు 250 కిలోమీటర్లు, దారిలో మొగిలి ఘాట్ ఎక్కాలి, అయినా ఒక్క చార్జితో చేరతారు. తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు చార్జి గబగబా తగ్గుతుంది, కానీ దిగేటప్పుడు బ్రేకు శక్తిని కరెంటుగా మార్చే రీజెన్ బ్రేకింగ్‌తో కొంత తిరిగి బ్యాటరీలోకే చేరుతుంది. వారానికి రెండు సార్లు బెంగళూరు పరుగెత్తేవారికి 79 కావాలేమో, మీకు అక్కర్లేదు.

షోరూమ్ వాళ్ల ఏడేళ్ల లోన్ లెక్క వేసి చూద్దాం. చార్జరు, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ కలిపి ప్యాక్ త్రీ 29.5 లక్షలు అవుతుందనుకుందాం. పాత కారు రెండున్నర, ఎఫ్‌డీలో సగం నాలుగున్నర పెడితే మిగతా 22.5 లక్షలు అప్పు. 9 శాతం వడ్డీకి ఈఎంఐ 36,200. ఏడేళ్లకు వడ్డీయే దాదాపు 7.9 లక్షలు. ఇంటి లోన్‌తో కలిపితే 68,200, అంటే ఇంటికొచ్చే డబ్బులో సగానికి పైనే. అప్పుడు మొదట ఆగేది మీ సిప్. అది మీ పాప ఇంజినీరింగ్ ఫీజు. టెన్త్‌లో ఉన్న పిల్లకు ఫీజు కట్టాల్సిన రోజు రెండున్నరేళ్లలో వస్తుంది. ఈ ఒక్క కారణం చాలు నేను వద్దనడానికి.

అన్ని ఈఎంఐలూ కలిపి ఆదాయంలో 40 శాతం దాటకూడదని నేను చెబుతుంటాను. మీకు 52,000. ఇంటి లోన్ పోను కారుకు మిగిలేది 20,000. ఐదేళ్లలో తీరేలా దానితో వచ్చే అప్పు 9.6 లక్షలు. ఇవాళ ఆ అప్పుతో ప్యాక్ వన్ కూడా అందదు.

అందుకే నా సలహా, 14 నెలలు ఆగండి. మీ చీటీని మధ్యలో పాడుకోకుండా చివరిదాకా ఉంచితే కమిషన్ పోను నాలుగున్నర లక్షలకు పైగా వస్తుంది. ఎఫ్‌డీ నుంచి నాలుగున్నర, అప్పటికి పాత కారుకు రెండు లక్షలు వేసుకున్నా చేతిలో 11 లక్షలు. ప్యాక్ వన్ అన్నీ కలిపి 21 లక్షలు అనుకుంటే 10 లక్షల అప్పు, ఐదేళ్లకు ఈఎంఐ సుమారు 20,750, నేను చెప్పిన 20,000కు కాస్తే ఎక్కువ. చీటీ కట్టే 10,000 అప్పటికి ఖాళీ అవుతుంది. పెట్రోలు లీటరు 109, మైలేజీ 15 చొప్పున మీకు నెలకు 7,250 పైగా అవుతోంది. కరెంటు యూనిట్ పది రూపాయలు వేసుకున్నా వెయ్యి కిలోమీటర్లకు సుమారు 1,600. అంటే మరో 5,650 మిగులు. కొత్తగా మీద పడే భారం సుమారు ఐదు వేలు. సిప్ కదలదు, నాలుగున్నర లక్షల ఎఫ్‌డీ ఆపదకు అలాగే ఉంటుంది.

రెండు విషయాల్లో జాగ్రత్త. ఈవీ (ఎలక్ట్రిక్ వాహనం) లోన్ వడ్డీ మీద లక్షన్నర పన్ను మినహాయింపు ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆదాయపు పన్ను సెక్షన్ 80ఈఈబీ కింద అది 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. ప్రైవేటు కారుకు కేంద్రం ఈవీలకు ఇచ్చే పీఎం ఈ-డ్రైవ్ పథకం సబ్సిడీ కూడా లేదు. బ్యాటరీకి మొదటి ఓనర్‌కు లైఫ్‌టైమ్ వారంటీ అన్నది పెద్ద ధైర్యమే, కానీ షరతులు చదివాకే సంతకం పెట్టండి. ఎవరికైనా అమ్మితే అది 10 ఏళ్లు లేదా 2 లక్షల కిలోమీటర్లకు మారుతుంది.

ఈ 14 నెలల్లో చేయాల్సిన పని ఒకటుంది. 7.2 కిలోవాట్ల చార్జరు పెట్టాలంటే ఇంటి కనెక్షన్ లోడ్ పెంచాలి, ఎర్తింగ్ సరిచూడాలి. మీ కరెంటు సంస్థ ఏపీఎస్‌పీడీసీఎల్‌లో ముందే కనుక్కోండి. ఇంకో మాట, టెస్ట్ డ్రైవ్‌కు ఫ్రెండ్స్‌ను కాదు, ఇంట్లోవాళ్లను తీసుకెళ్లండి. పైకప్పు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి మీ భార్యను, పాపను వెనక సీట్లో అరగంట కూర్చోబెట్టి చూడండి.