22 ఏళ్లకే నుదుటి దగ్గర జుట్టు వెనక్కి పోతోంది, ఇది బట్టతలేనా?

మీకు 22 ఏళ్లని, ఆరు నెలలుగా కణతల పైన జుట్టు వెనక్కి పోతున్నట్టు అనిపిస్తోందని, నాన్నగారికి జుట్టు ఒత్తుగానే ఉన్నా మేనమామగారికి ముప్పై దాటకముందే బట్టతల వచ్చిందని రాశారు. ఉల్లిపాయ రసం దగ్గర నుంచి మాత్రల దాకా ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతుంటే ఏది నమ్మాలో తెలియడం లేదని కూడా అన్నారు. నేను వైద్యుణ్ణి కాను. ఇప్పుడు నాకు 36 ఏళ్లు. ఇదే భయంతో 23వ ఏట నుంచి కొన్నేళ్లపాటు సరిగా నిద్ర కూడా పోలేదు కాబట్టి, నేను ఆలస్యంగా తెలుసుకున్నవి మీకు ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను అమీర్‌పేటలో ఒక హాస్టల్లో ఉండేవాణ్ణి. ఉదయం లేవగానే దిండు మీది వెంట్రుకలు ఏరి, స్నానాల గదిలో తూము జాలీ దగ్గర చేరినవి కూడా వాటికి కలిపి లెక్కపెట్టి, ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకునేవాణ్ణి. అంకె 60 ఉన్న రోజు మనసు కుదుటపడేది, 110 వచ్చిన రోజు అన్నం సహించేది కాదు. తలస్నానం చేసిన రోజున ఎక్కువ రాలుతున్నాయని స్నానాల మధ్య ఎడం పెంచాను. దాంతో నాలుగు రోజులకు రాలవలసినవన్నీ ఒకేసారి చేతికి వచ్చి భయం ఇంకా పెరిగింది. అలా దాదాపు రెండేళ్లు గడిచిపోయాయి. ఆ లెక్క బట్టతల గురించి ఏమీ చెప్పదన్న సంగతి నాకు అప్పుడు తెలియదు.

ప్రతి వెంట్రుకా రెండు నుంచి ఆరేళ్లపాటు పెరిగి, సుమారు మూడు నెలలు విశ్రాంతిగా ఉండి, ఆ తరువాత రాలిపోతుంది. అందువల్ల రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం ఎవరికైనా మామూలే. బట్టతలలో జరిగేది వేరు. టెస్టోస్టెరాన్ నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే హార్మోన్‌కు నుదుటి దగ్గర, నడినెత్తిన ఉండే కుదుళ్లు వంశపారంపర్యంగా లొంగిపోయే స్వభావంతో ఉంటే, అవి క్రమంగా చిన్నవైపోయి, రాలిన వెంట్రుక స్థానంలో మొలిచే కొత్త వెంట్రుక ముందటి దానికన్నా సన్నగా, పొట్టిగా వస్తుంది. చెవుల పైన, మెడ వెనుక ఉండే కుదుళ్లకు ఆ లొంగుబాటు సాధారణంగా ఉండదు కాబట్టే, పూర్తిగా బట్టతల వచ్చినవారికి కూడా అక్కడ జుట్టు మిగులుతుంది.

ఈ తేడాను నేను కళ్లారా చూసింది గుంటూరులో ఒక చర్మవైద్యురాలి దగ్గర. ఆమె డెర్మోస్కోప్ అనే చిన్న పరికరాన్ని మొదట నా తల వెనుక భాగంలో ఆనించి తెర మీద చూపించారు. ఒక్కో రంధ్రం నుంచి రెండు మూడు వెంట్రుకలు, అన్నీ ఒకే మందంతో, నల్లగా నిగనిగలాడుతూ కనిపించాయి. తరువాత అదే పరికరాన్ని కణత పైన పెట్టారు. అక్కడ మందమైన వెంట్రుక పక్కనే దానిలో సగం మందం కూడా లేనిది ఒకటి, ఆ పక్కనే పసిపిల్లల నూగులాంటిది మరొకటి, చాలా రంధ్రాల్లో ఒక్క వెంట్రుకే ఉన్నాయి. రెండేళ్ల నా లెక్కలు చెప్పలేని సంగతి ఆ రెండు బొమ్మలు రెండు నిమిషాల్లో చెప్పాయి.

అయితే మీది కూడా ఇదేనని నేను అనలేను. పదిహేడు, పద్దెనిమిదేళ్ల నుంచి ఇరవైల చివరి దాకా చాలామంది మగవాళ్లకు నుదుటి గీత కొద్దిగా పైకి జరిగి, అక్కడితో ఆగిపోతుంది. అది బట్టతల కాదు. డెంగ్యూ, టైఫాయిడ్ లాంటి తీవ్రమైన జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు తల అంతటా జుట్టు గుప్పెళ్లుగా రాలి, ఆ తరువాత చాలామందికి దానంతట అదే తిరిగి వస్తుంది. థైరాయిడ్ లోపం వల్ల, శరీరంలో ఇనుము తగ్గడం వల్ల కూడా రాలవచ్చు. ఇక మేనమామగారి విషయం: డీహెచ్‌టీని అందుకునే గ్రాహకం తాలూకు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద, అంటే తల్లి వైపు నుంచి వస్తుంది కాబట్టి మనవాళ్లు మేనమామ పోలిక అనడంలో కొంత నిజం ఉంది. కానీ ఇందులో పాత్ర ఉన్న జన్యువులు ఇంకా చాలా ఉన్నాయి, అవి తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తాయి. అందుకని ఆయన తలను చూసి మీ భవిష్యత్తును నిర్ణయించుకోకండి.

గుంటూరు వెళ్లకముందు నేను ఒక క్లినిక్‌లో పన్నెండు సిట్టింగుల ప్యాకేజీకి 45 వేల రూపాయలు కట్టాను. నన్ను పరీక్షించిన వైద్యులు ఎవరూ లేరు. వివరాలు రాసుకున్న వ్యక్తే బిల్లు కూడా రాశాడు. ఆ డబ్బు పోయిందన్న దానికన్నా, కుదుళ్లు ఇంకా బలంగా ఉన్న ఏడాది వృథా అయిందన్న బాధ నాకు ఈనాటికీ ఉంది.

ఉల్లిపాయ రసం మీద 2002లో ఇరాక్ వైద్యులు ప్రచురించిన చిన్న పరిశోధన ఒకటి ఉంది. అది పేనుకొరుకుడు గురించే గాని ఈ రకం బట్టతల గురించి కాదు. గుండు చేయిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందన్నది కూడా నిజం కాదు. మా అమ్మ గుంటగలగరాకు దంచి కాచిన నూనె సెలవులకు వెళ్లినప్పుడల్లా నా తలకు మర్దనా చేసేది. దానివల్ల జుట్టు మొలవలేదు, కానీ ఆ అరగంట నా భయం నన్ను వదిలి ఉండేది కాబట్టి దాన్ని నేను ఎప్పుడూ వద్దనలేదు.

నిలదొక్కుకున్న మందులు ముఖ్యంగా రెండు. మినాక్సిడిల్ మొదట రక్తపోటుకు ఇచ్చిన మాత్ర. వాడినవారికి ఒంటి మీద వెంట్రుకలు పెరగడం గమనించి తలకు రాసే ద్రావణంగా మార్చారు, దానికి అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. వాడిన మొదటి వారాల్లో కొందరికి పాత వెంట్రుకలు మరింతగా రాలతాయి. ఇది తెలియక నేను ఐదో వారంలో భయపడి మానేశాను. మళ్లీ మొదలుపెట్టాక తేడా కనిపించడానికి దాదాపు ఆరు నెలలు పట్టింది. మానేస్తే వచ్చిన ఫలితం కొన్ని నెలల్లోనే పోతుంది.

రెండోది ఫినాస్టరైడ్ 1 మిల్లీగ్రాము మాత్ర. దీనికి అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది. డీహెచ్‌టీ తయారీనే తగ్గిస్తుంది కనుక ఉన్న జుట్టును నిలబెట్టడంలో నాకు ఇదే ఎక్కువ ఉపయోగపడింది. అయినా దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని మిమ్మల్ని కోరుతున్నాను. కొద్దిమందిలో లైంగిక కోరిక, అంగస్తంభన తగ్గుతాయి, కొందరికి మనసు దిగులు పడుతుంది, మందు మానేశాక కూడా ఆ ఇబ్బందులు కొనసాగాయని చెప్పినవారు ఉన్నారు. ఇంతకుముందు డిప్రెషన్ లాంటిది ఉంటే వైద్యులకు తప్పక చెప్పండి. ఈ మాత్రలు వాడుతున్నంత కాలం రక్తదానం చేయకూడదు, ఇంట్లో గర్భిణులు ఉంటే విరిగిన మాత్రలను వారు తాకకూడదు. స్నేహితుడి చీటీ చూపించి మెడికల్ షాపులో కొనవలసిన మందు ఇది కాదు.

ఈ వయసులో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ గురించి మాత్రం ఆలోచించకండి. వెనుక నుంచి తీయగల వెంట్రుకలకు ఒక పరిమితి ఉంటుంది. 22 ఏళ్లకే వాటిని నుదుటి మీద నాటించుకుంటే, తరువాతి పదేళ్లలో దాని వెనుక జుట్టు పోయినప్పుడు నాటినది ముందు ఒక పట్టీలా విడిగా మిగిలిపోతుంది.

పెళ్లిచూపుల్లో ఏమవుతుందోనన్న బెంగ గురించి కూడా మీరు ఒక మాట రాశారు. నేను ఫొటోల్లో వెనుక వరుసలో నిలబడటం, గాలి వీస్తే బయటకు రాకపోవడం లాంటివి చేసి, స్నేహితుల పెళ్లిళ్లు రెండు తప్పించుకున్నాను. నా పెళ్లిచూపుల్లో మాత్రం ఏమీ దాచకుండా, జుట్టు రాలుతోందని, మందు వాడుతున్నానని ముందే చెప్పాను. ఆ అమ్మాయి మందు వల్ల ఆరోగ్యానికి ఇబ్బంది ఏమైనా ఉందా అని ఒక్క ప్రశ్న అడిగింది. మా పెళ్లై ఏడేళ్లయింది.

ఇప్పుడు మీరు చేయవలసింది ఒకే చోట, ఒకే వెలుతురులో, జుట్టు వెనక్కి దువ్వి ఒక ఫొటో తీసుకుని, మళ్లీ మూడు నెలల దాకా అద్దం ముందు కొలతలు మానేయడం. ఈలోగా ఒకసారి చర్మవైద్యులకు చూపించుకోవడం. ప్రైవేటు ఫీజు భారమైతే హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలోనో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనో (జీజీహెచ్) చర్మవ్యాధుల ఓపీకి వెళ్లవచ్చు. గత ఆరు నెలల్లో వచ్చిన జ్వరాలు, వాడిన మందులు ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. బయోటిన్ మాత్రలు వేసుకుంటుంటే అది కూడా రాయండి, ఎందుకంటే అవి థైరాయిడ్ పరీక్ష ఫలితాలను తారుమారు చేయగలవు. తలకు నూనె రాసుకోకుండా వెళ్లండి, అప్పుడు కుదుళ్లు స్పష్టంగా కనిపిస్తాయి.