ఇల్లు సరే, చేతిలో ఎంత మిగులుతుంది?

హైదరాబాద్ తార్నాకలో 18 వేల అద్దెకుంటున్న ఒకాయన రాశారు. యాప్రాల్‌లో 80 లక్షల ఫ్లాట్ చూశారట, ఓసీ (ఇంట్లో ఉండొచ్చని అధికారులిచ్చే సర్టిఫికెట్) వచ్చేసింది, హారన్ల గోల లేదు, చుట్టూ చెట్లు, ఆరేళ్ల పాప కింద సైకిల్ తొక్కుకోవచ్చు. ఇద్దరి జీతాలూ కలిపి చేతికొచ్చేది లక్షా 35 వేలు, అందులో భార్యవి 40 వేలు (ప్రైవేట్ స్కూల్లో టీచర్). దాచింది 12 లక్షలు, బ్యాంక్ 64 లక్షలిస్తానంది, తక్కువ పడినదానికి 8 లక్షలు పర్సనల్ లోన్, ఆవిడ బంగారం మీద ఇంకో 5 లక్షలు. "మేనేజ్ చేయగలమా సర్?" అని అడిగారు.

ఏరియా మంచిదే, నేను కాదనను. కానీ మీ లెక్కలో ఒక్క లైన్ లేదండీ, ఆపదకి దాచుకునే ఎమర్జెన్సీ ఫండ్. రిజిస్ట్రేషన్ 6 లక్షలు, కబోర్డులూ కార్పస్ ఫండ్ (అపార్ట్‌మెంట్ సొసైటీకి ఒకేసారి కట్టేది) 3 లక్షలు పోయాక అకౌంట్‌లో మిగిలేది సున్నా. ఇల్లు కొనే హడావుడిలో ఎమర్జెన్సీ ఫండ్ ఊడ్చేసి డౌన్ పేమెంట్‌లో పోసేవాళ్లని వారానికి ఇద్దర్నైనా చూస్తున్నా, అందుకే ఈ జవాబు.

20 ఏళ్లకి 8.5 శాతం అనుకుంటే హోమ్ లోన్ ఈఎంఐ 55,500. పర్సనల్ లోన్ అయిదేళ్లకి 13 శాతం మీద 18,200. బంగారం వడ్డీ, మెయింటెనెన్స్ ఓ 8 వేలు. మొత్తం దాదాపు 82 వేలు. ఆవిడ ఉద్యోగం ఒక్క ఏడాది ఆగితే నెలకి 13 వేలతో ముగ్గురు బతకాలి! 90 రోజులు ఈఎంఐ బాకీ పడితే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ), ఆ తర్వాత 60 రోజుల నోటీసు, అప్పుడు ప్రశాంతమైన ఏరియా అని బ్యాంక్ వాళ్లు ఇల్లు స్వాధీనం చేసుకోకుండా ఆగరు.

డౌన్ పేమెంట్‌కి పర్సనల్ లోన్ అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతుంది. హోమ్ లోన్ శాంక్షన్ అయ్యాక తీసుకోండి, ఎవరికీ తెలీదు అని ఏజెంట్ చెప్పాడట. ఈఎంఐ ఆయన కడతాడా?

ఇలా చేయండి. ఆ 12 లక్షల్లో 6 లక్షలు ఇవాళే విడిగా ఎఫ్‌డీ వేసి, అసలు లేదనుకోండి, ఆరు నెలల ఖర్చూ ఈఎంఐ కలిపితే అంతే అవుతుంది. యాప్రాల్లోనే అద్దెకి దిగండి, ఎండాకాలం నీళ్లెలా వస్తున్నాయో, మీకు ఆఫీసెంత దూరమో తెలుస్తుంది. నెలకి 40 వేలు ఆర్డీ కట్టండి, రెండున్నరేళ్లలో 12 లక్షలు. అది కట్టలేకపోతే 82 వేలు ఎలా కట్టేవారు? బడ్జెట్ 60 లక్షల లోపు పెట్టుకోండి, రీసేల్ కూడా చూడండి. టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే ఇంటివాళ్లకి డబ్బొచ్చే జీవిత బీమా) ముందే తీసుకోండి, లోన్‌తో పాటు బ్యాంక్ అంటగట్టేది కాదు.

టోకెన్ అడ్వాన్స్ ఇచ్చారో లేదో రాయలేదు. ఇవ్వకపోతే ఆగండి. ఇచ్చేసి ఉంటే అగ్రిమెంట్‌లో వాపసు గురించి ఏం రాశారో చదివి మళ్లీ రాయండి.