ఉప్పుటేట్లో కయాక్ తోలబోయే మా అబ్బికి

జమ్మలమడుగు

అబ్బీ,

గండికోటలో కయాక్ అనే ఆ చిన్న తెడ్డు పడవ తోలే పని వదిలేసి, పెన్న సముద్రంలో కలిసే ఊటుకూరు దిక్కున జాలర్లు ఉండే ఒక పట్టపుపాళెంలో సాయంత్రం ట్రిప్పులు మొదలుపెడతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆమె ఏడ్చినంత పని చేసింది. నేను మాత్రం టీకొట్టు దగ్గర నలుగురికీ చెప్పుకున్నా, మావోడు టూరిస్టులను ఏరు సముద్రంలో కలిసే మొగ దాకా తీసుకుపోతాడంట అని. రాత్రి పండుకున్నాక మొదలైంది టెన్షన్.

లైఫ్ జాకెట్ లేనిదే ఎవరినీ ఎక్కించొద్దు, ఈత వచ్చన్నా సరే. విజిల్, తలకు లైటు, తాగే నీళ్లు, ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది ఆ నీళ్ల సంగతి. గండికోటలో ఉండేవి రిజర్వాయరు నీళ్లు, పొద్దున ఉన్నచోటే సాయంత్రమూ ఉంటాయి. సముద్రపు నీళ్లు ఎక్కి దిగే ఉప్పుటేరు అట్లా కాదు. దాదాపు ఆరు గంటలు పోటు, అంటే నీళ్లు ఎక్కుతాయి; ఆరు గంటలు పాటు, అంటే దిగుతాయి. అది కూడా రోజుకు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. ఈరోజు ఐదున్నరకు నిండుగా ఉన్న పాయ, వారం తర్వాత అదే ఐదున్నరకు బురద తేలి ఉంటుంది. 'రోజూ సాయంత్రం 5 గంటలకు' అని బోర్డు రాయించావంటే ఊరుకోను. అమావాస్య, పున్నమికి నీళ్లు బాగా ఎక్కి బాగా దిగుతాయి, అష్టమి దగ్గర ఆ జోరు తగ్గుతుంది. మీ అవ్వ పంచాంగం తిప్పుతుంటే నవ్వేవాడివి, ఇప్పుడు నువ్వూ తిప్పు.

ఆ తీరంలో నేను ఉద్యోగం చేసేటప్పుడు మా పెద్దసారు ఒకాయన పొద్దు కుంకే ఫోటో కావాలని పట్టుబట్టినాడు. అక్కడ పొద్దు సముద్రంలో కుంకదు, నేల వైపు కుంకుతుంది. అందుకని పడవను పాయలో ఇంకా లోపలికి పోనిమ్మన్నాడు. తోలే ముసలాయన తెడ్డు నిలబెట్టి చూసి, "సార్, పాటు పట్టింది, తిరుగుదాం" అన్నాడు. "ఇంకో పది నిమిషాలు" అన్నాడు సారు. ఆకాశం ఎర్రబడేసరికి పడవ అడుగు బురదను రాసుకుంది. అక్కడ పోటుకూ పాటుకూ తేడా మీటరు అటూ ఇటూనే. కానీ నేల పళ్లెం మాదిరి చదును, జానెడు నీళ్లు దిగితే చాలు ఎంత దూరమో బురద బయటపడుతుంది. తోద్దామని సారు దిగినాడు. ఒక కాలు తొడ దాకా పోయింది. అది పీకబోతే రెండోది పోయింది. లోపల ఆల్చిప్పలు, పాదం తెగి రక్తం. ముసలాయన దిగలేదు. పడవలోని పలక తీసి బురద మీద పరిచి, "లేవొద్దు సార్, దీని మీద పొట్ట ఆనించి పాకండి" అన్నాడు. అట్లా పైకి లాక్కున్నాం. నీళ్లు మళ్లీ వచ్చేదాకా, అంటే అర్ధరాత్రి దాటేదాకా, దోమలకు ఒళ్లప్పజెప్పి కూచున్నాం. పొద్దు కుంకిన ఇరవై నిమిషాలకే చీకటి. ఏ పాయ ఎటు పోతుందో ముసలాయనకు తప్ప ఎవరికీ తెలియదు. తప్పంతా ఆయనదేనని సారు ఆఫీసులో చెప్పుకున్నాడు. ఆ మంట నాకు ఇంకా తగ్గలేదు.

పోటు ఎక్కుతుండగా లోపలికి పో, పాటు పట్టకముందే తిరుగు. రెండూ కుదరని రోజు ట్రిప్పు లేదని చెప్పు, డబ్బులు వెనక్కి ఇచ్చెయ్. ఎవరన్నా బురదలో దిగబడితే నువ్వు దిగి లాగొద్దు, కయాకునే పలక మాదిరి వాడు.

ఇంకొకటి. అక్కడ ఆకాశం నీలంగా ఉన్నా ఇక్కడ వాన కురుస్తుంటుంది. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య డ్యామ్ తెగినప్పుడు ఆ నీళ్లు పెన్నలో కలిసి నెల్లూరు మీదుగానే పోయినాయి. మనూరోళ్లకు ఏటి శబ్దం వింటేనే నిద్ర పట్టని రోజులవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెన్న మీది సోమశిల డ్యామ్ గేట్లు ఎత్తారో లేదో కనుక్కోకుండా మొగ వైపు పోయావని తెలిస్తే, బస్సెక్కి వచ్చి చెవి పట్టుకుని తీసుకొస్తా. పెళ్లీడొచ్చినోడివని చూడను.

కయాక్ తోలడం నీకు ఎవరూ నేర్పనక్కర్లేదు, నీ చెయ్యి మంచిదని నాకు తెలుసు. కానీ ఆ పాళెంలో నీళ్లు చదివిన మనిషిని ఒకరిని జీతమిచ్చి పెట్టుకో. ఆయన తిరుగుదామన్నప్పుడు కస్టమర్ ఎంత పెద్దోడైనా తిరుగు.

ఈ జాబు మీ అమ్మకు చదివి వినిపించొద్దు. ఆ మనిషి ఎవరో కుదిరినాక ఫోన్ చెయ్యి, నేనూ ఒకసారి మాట్లాడతా.

నీ చిన్నాయన